పల్లెబడి పేర్ల పట్టిక

వేంపల్లె మండలము నందలి ఇడుపులపాయలో 2008 నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణ మొకటి నడచుచున్నది. పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు అచట ఆరు సంవత్సరములు చదివి ఇంజనీరులై వెలుపలికి వచ్చుచున్నారు. వారిలో కూలినాలి చేసుకొను కుటుంబముల బిడ్డలు కొద్దిమంది కారు. 150 ఏండ్ల క్రిందట ఇదే పాపఘ్ని తీరమున ఆ బిడ్డల ముత్తాతలకు ఓనమాలు దిద్దుకొనుటకు ఊరిలో ఒక అరుగు దొరకలేదు. ఈ రెంటి నడుమ జరిగిన దేమి? సర్కారు బడులు వచ్చినవి, చట్టములు వచ్చినవి, హాస్టళ్ళు వచ్చినవి. ఇది అందరు ఎరిగిన సమాధానమే. కాని వాటికి ముందు వచ్చిన దొకటి కలదు. ఊరి వెలుపల, మాలపల్లె మొగదల, బోదకప్పు క్రింద, ఆరు దినములు బడియై ఏడవ దినము గుడియైన మిషను పాఠశాల అది. కడప, కర్నూలు సీమల విద్యాచరిత్రలో దానికి దక్కిన చోటు స్వల్పము. ఆ చరిత్రను వ్రాయుటకు కావలసిన మూలాధారము నేడు పాత పెట్టెలలో చెదలకు ఎర యగుచున్నది.

దత్తమండలములను నైజాము 1800లో కుంపిణీ వారికి ఇచ్చివేసిన పిమ్మట మన్రో దొర ఏడేండ్లు ఈ సీమలో భూములు కొలిపించి రైత్వారీ పన్ను కట్టించెను. అతడే గవర్నరై, 1822లో మద్రాసు రాజధాని యంతట బడులెన్ని, చదువువా రెందరని కలెక్టర్లను అడిగెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు విద్యాచరిత్ర చదువువారికి సుపరిచితము. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు చేరియుండెను. 9,27,857 మంది జనమునకు 533 బడులు. వాటిలో 6,641 మంది పిల్లలు. అనగా నూట నలువదిమందిలో ఒకడు. ఆడుపిల్లలు 60 మంది మాత్రమే. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించు ఆ బడుల పొదుపును, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. వల్లించు పద్యముల భాష పిల్లలకు బోధపడనిదని గర్హించెను. వీధిబడిని పొగడువారును, తెగడువారును నేటికిని ఆ నివేదికనే చూపుదురు. అరుగు మీద కూర్చుండిన పిల్లలను గూర్చియే ఇరువురి వాదము. ఆ అరుగు దరిదాపులకే రాకూడని మాల, మాదిగల పిల్లల మాట ఆ వాదములో అరుదుగా వినవచ్చును.

కడపలో ఆ యేండ్లలోనే రెండు తెరువుల దానము మొదలయ్యెను. సి. పి. బ్రౌన్ 1820లో కడపకు కలెక్టరు కచేరీ ఉద్యోగియై వచ్చి, మరుసటి సంవత్సరమే తన సొంత సొమ్ముతో రెండు ధర్మబడులు పెట్టెను. అతడు మిషనరీ కాడు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ పక్షమున విలియం హోవెల్ కడప చేరెను. ఆ సొసైటీ అప్పటికే 1805 నుండి విశాఖపట్టణములోను, 1810 నుండి బళ్ళారిలోను పని చేయుచుండెను. హోవెల్ కడపలో ప్రార్థనాలయముతోపాటు బడులను తెరచెను. ఇరువది యేండ్ల పిమ్మట, 1840ల తొలినాళ్ళలో, ఆయన లండన్ సొసైటీని విడిచి ఆంగ్లికన్ సభకు చెందిన ఎస్. పి. జి. మిషనులో చేరెను. అటుపై ఈ సీమ రెండు మిషనుల నడుమ పంచుకొనబడెను. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలు ఎస్. పి. జి. వారికి, కడప, జమ్మలమడుగు, గుత్తి లండన్ మిషను వారికి. కడపకు పడమరగా, జమ్మలమడుగునకు దక్షిణముగా ఉన్న వేంపల్లె పట్టు లండన్ మిషను పక్షమున పడెను. పంపకమునకు భూగోళము కంటె దొరల మతభేదములే ఎక్కువ కారణము. పల్లెలవారికి ఆ భేదము లేవియు తెలియవు. వారికి కావలసినది ఒక పంతులు.

ఆ పంతులును పల్లెకు పంపవలెనా వలదా యను ప్రశ్నకు నాటి మిషనులలో రెండు జవాబు లుండెను. ఒక జవాబునకు బందరు పేరుగాంచిన స్థలము. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1841లో తెలుగునాటికి వచ్చి, 1843 నవంబరు 21న బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరచెను. 1865లో అచటనే కన్నుమూయువరకు దానిని విడువలేదు. పై కులముల బాలురకు చదువు చెప్పినచో వారి ద్వారా ఆ వెలుగు క్రింది వారికి దిగివచ్చు నని ఆయన నమ్మెను. అందుచేత మాల, మాదిగ బాలురను తన బడిలో చేర్చుకొనలేదు. 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే ఊరి పెద్దలు తమ పిల్లలను ఒక్కపెట్టున మాన్పించిరి. బడి ఖాళీ అయ్యెను. కొంతకాలమునకు మరల నిండెను. నోబుల్ కాలేజీ చదువు వలన తెలుగుదేశమునకు కలిగిన మేలు చిన్నది కాదు. వకీళ్ళు, ఉపాధ్యాయులు, పత్రికాకారులు, ఉద్యోగులు దాని తలుపుల నుండి వెలువడిరి. కాని పైనుండి క్రిందికి వెలుగు దిగివచ్చు నన్న సిద్ధాంతము మాత్రము నిలువలేదు. చదువుకొన్న పెద్దింటి బాలుడు ఇంటికి పోయి తన పొలములో పనిచేయు పాలేరుకు అక్షరములు నేర్పిన ఉదాహరణములు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి.

రెండవ జవాబు కడప, కర్నూలు సీమల మెట్టపల్లెల నుండి వచ్చెను. దానిని మిషనరీలు ఆలోచించి చెప్పలేదు. మాలపల్లెల వారు అడిగి చెప్పించిరి. 1850 ప్రాంతమున ముత్యాలపాడు చుట్టుపట్ల మాల కుటుంబములు గుంపులు గుంపులుగా క్రైస్తవ మతమున చేరసాగెను. ఒక యింటివాడు కాదు, పల్లెకు పల్లె. 1850ల నడుమ అచటికి వచ్చి 30 ఏండ్లకు దగ్గరగా పనిచేసిన జాన్ క్లే వంటివారు ఆ పల్లెల మధ్యనే కాపురముండిరి. మతములో చేరుదు మనిన పల్లె మొదట కోరినది పంతులును. మా పిల్లలకు చదువు చెప్పువానిని పంపుడు, గుడిసె మేమే వేయుదు మనిరి. ఈ కోరికలో భక్తి ఎంత, అక్షరముల ఆశ ఎంత యని త్రాసులో తూచుట నేటి చరిత్రకారునకు సాధ్యము కాదు. నాటి దొరలకును సాధ్యము కాలేదు.

ఆ గుడిసెలో జరిగిన దానిని కొంచెము నిదానముగా చూడవలెను. పంతులు సామాన్యముగా పక్క తాలూకా మాలపల్లెలో పుట్టినవాడు. మిషను వసతిబడిలో నాలుగైదు తరగతులు చదివి, శిక్షణ పొంది, స్వల్పజీతమునకు పంపబడినవాడు. బడి చెప్పుట, ఆదివారము ప్రార్థన నడుపుట, చావు పుట్టుకలకు హాజరగుట, తాలూకా కచేరీకి అర్జీలు వ్రాసిపెట్టుట, అన్నియు అతని పనులే. పగలు పిల్లలు ఉండరు. పసులను, గొర్రెలను తోలుకొని పోవుదురు. కలుపునకు, కోతకు తల్లి వెంట పోవుదురు. కావున తెల్లవారుజామున ఒక గంట, చీకటి పడిన పిదప ఆముదపు దీపము క్రింద మరి యొక గంట బడి జరుగుచుండెను. రాత్రి బడికి తండ్రులును వచ్చి వెనుక కూర్చుండిరి. పలక లేనివారికి ఇసుక ఉన్నది. బాలశిక్ష, ఎక్కములు, బైబిలు కథలు, పాటలు. పంతులు భార్య చదువుకొన్న దైనచో ఆడుపిల్లలకు ఆమెయే గురువు. 1823 నాటి లెక్కలో ఒక పెద్ద జిల్లాకు 60 మంది ఆడుపిల్ల లని చదివినవారికి ఈ ఒక్క మాట విలువ తెలియును.

రాయలసీమలో బడి చెప్పువానిని అయ్యవారు అందురు. ఆ మాట ఎవరికి చెల్లునో, ఎవరికి చెల్లదో ఊరిలో చిన్నపిల్లలకును తెలియును. మాలపల్లెలో పుట్టిన మనిషిని అయ్యవా రని పిలుచుట ఆ గుడిసెలలో మొదలయ్యెను. ఊరివారు చాలకాలము ఆ పేరుతో పిలువలేదు. అయినను ఉత్తరము చదివించుకొనుటకు చాటుగా అతని వద్దకే వచ్చినవారు ఉండిరి.

భూస్వాములు ఈ బడిని ఇష్టపడకపోవుటకు మతము ఒక్కటే కారణము కాదు. బాకీకి కట్టుపడి ఏండ్ల తరబడి జీతముండు వానికి ప్రోనోటు మీద ఏమి వ్రాసియున్నదో తెలియరాదు. తెలిసినచో లెక్క అడుగును. వేలిముద్ర వేయువాడు సంతకము చేయుట ఊరి ఆర్థిక వ్యవస్థలో చిన్న మార్పు కాదు. బడికి పోవు పిల్లవాడు పసులకు రాకపోవుట మరియొక నష్టము. కావున బడికి స్థలము దొరకనీయకుండుట, బావి దగ్గర అడ్డు చెప్పుట, తండ్రిని పనికి పిలువకుండుట వంటివి దత్తమండలముల పల్లెలలో కొత్త కాదు.

ప్రభుత్వము వెనుకనుండి మెల్లగా వచ్చెను. 1854 నాటి వుడ్ ప్రణాళిక ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చు పద్ధతిని నెలకొల్పెను. మద్రాసు రాజధానిలో చాలకాలము ఆ గ్రాంటు పరీక్షా ఫలితములను బట్టి ఉండెను. ఇన్‌స్పెక్టరు వచ్చిన నాడు ఎందరు పిల్లలు చదివి, వ్రాసి, లెక్క చేసి చూపినచో అంత సొమ్ము. కరవు సంవత్సరమున పిల్లలు వలసపోయినచో పంతులు కూడు పోయెనన్నమాట. 1882 నాటి హంటర్ సంఘము తక్కువ కులముల విద్యను గూర్చి ప్రత్యేకముగా చర్చించెను. 1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్యకై ప్రత్యేకమైన ఉత్తరువు వెలువరించెను. అప్పటికి ఈ సీమలోని మిషను పల్లెబడులకు 40 ఏండ్లు నిండినవి. ప్రభుత్వము త్రోవ వేయలేదు. ఉన్న త్రోవకు కంకర పోసెను.

ఈ బడులను గూర్చి చెప్పు నిందలలో ఒకటి, గంజి కొరకు మతము మారిన వారి బడు లని. 1876-78 ధాతుకరవులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నష్టపోయినవి. 1881 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనసంఖ్య పదేండ్ల క్రిందటి దానికంటె సుమారు నాలుగవవంతు తగ్గియుండెను. ఆ కాలమున మిషనులు గంజి పోసిన మాట నిజము. అనాథబాలలను చేరదీసిన మాట నిజము. తెలుగుదేశములో పలుచోట్ల కరవు తరువాత చర్చిలో చేరినవారి సంఖ్య పెరిగిన మాటయు నిజమే. కాని ముత్యాలపాడు ప్రాంతమున పల్లెలు కదలి పంతుళ్ళను అడిగినది కరవునకు పాతికేండ్ల ముందు. నింద వేయువారు తేదీలు చూడలేదు. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టిన చేతిని పట్టుకొనుట నేరమా యన్నది వేరొక ప్రశ్న.

అయితే ఈ బడులను నెత్తిన పెట్టుకొని ఊరేగింప నవసరము లేదు. మిషను చదువు పిల్లవానికి అక్షరమును ఇచ్చుచు, అతని తాతల పాటను, జాతరను, కొలుపును అజ్ఞాన మని చెప్పెను. వాటిలో ఎంత మంచి పాట పోయెనో లెక్క లేదు. దొర బంగళాకును పంతులు గుడిసెకును నడుమ ఉన్న దూరము, ఊరికిని మాలపల్లెకును నడుమ ఉన్న దూరము కంటె తక్కువ కాదు. పెత్తనమంతయు చాలకాలము తెల్లవారి చేతిలోనే ఉండెను. 1912లో వి. ఎస్. అజరయ్య దోర్నకల్లు బిషపై భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయిన నాటికి ముత్యాలపాడు సంఘములకు 60 ఏండ్లు. అన్నిటికంటె పెద్ద లోపము మరొకటి. ఈ సీమలో లండన్ మిషను, ఎస్. పి. జి. మిషను సంఘములు ప్రధానముగా మాలల సంఘములుగానే ఎదిగెను. ఆ బడి గడప మాదిగ బిడ్డకు అంత సుళువుగా అందలేదు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనులో మాదిగలు ముందు చేరుట వలన అచట వేరొక కథ నడచెను. కులము గోడను దాటి వచ్చిన బడి, తన ప్రహరీ లోపల దానిని పూర్తిగా పడగొట్టలేదు.

ఈ లోపములన్నిటితో కూడ, ఆ బడి ఒక వర్గమును సృష్టించెను: తెలుగు చదివి, తెలుగు చెప్పి బ్రతుకు దళిత ఉపాధ్యాయవర్గము. తెలుగు సాహిత్యము ఆ వర్గమునకు ఎంత ఋణపడినదో తెలియుటకు ఒక్క పేరు చాలును. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ (1895-1971) తొలినాళ్ళలో మిషను బడిలో ఉపాధ్యాయుడు; తరువాత గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయమున దాదాపు పదేండ్లు పనిచేసినవాడు. పురాణకథ లేల నని అటువా రడుగగా, పద్యము నీకేల నని ఇటువా రడిగిరి. రెండు అవమానములను దిగమ్రింగి ఆయన కవియయ్యెను. గబ్బిలమునకు చదువరులు కోకొల్లలు. దానికి ముందున్న పల్లెబడిని గూర్చి చదువరులు విన్నది తక్కువ.

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. నంద్యాల ఆంగ్లికనులు చాలకాలము అందులో కలియక వేరుగా నిలిచిరి. లండన్ మిషను వారి కడప సీమ బడులు రాయలసీమ అధ్యక్ష మండలము క్రిందికి వచ్చినవి. సర్కారు ప్రాథమిక పాఠశాలలు పెరిగిన కొలది మిషను పల్లెబడులు ఒక్కొక్కటిగా వాటిలో కలసిపోయెను, లేదా మూతపడెను. మిగిలినవి ఎయిడెడ్ బడులై నిలిచెను. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను, లేదా వాటి సిబ్బందిని తనకు అప్పగింపవచ్చు నని విధానము ప్రకటించెను. విద్యార్థులును, తల్లిదండ్రులును వీధికెక్కగా, అదే సంవత్సరము నవంబరులో సమ్మతిని వెనుకకు తీసుకొను అవకాశ మిచ్చెను. ఆ విధానము మంచిచెడ్డలు ఇచట ప్రసక్తము కావు. ఒక్క మాట మాత్రము ప్రసక్తము. బడి చేతులు మారినపుడు బల్లలకు, భూమికి, భవనమునకు జాబితా వ్రాయుదురు. పాత పట్టికలకు వ్రాయరు.

ఆ పట్టికయే ఈ చరిత్రకు ప్రాణము. ప్రవేశపట్టికలో ఒక్కొక్క పిల్లవానికి ఒక వరుస ఉండును: పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, తండ్రి వృత్తి, చేరిన తేదీ, తరగతి, విడిచిన తేదీ, విడిచిన కారణము. శాసనములలో వీరి తాతల పేర్లు లేవు. కైఫీయతులలో లేవు. భూమి లేదు కనుక పట్టాలలోను లేవు. ఎన్నో కుటుంబములకు తమ పూర్వుని పేరు తొలిసారి సిరాతో కాగితము మీద పడినది ఈ వరుసలోనే. చివరి గడిలో వ్రాసిన రెండు మూడు మాటలు, పిల్లవాడు జీతమునకు కుదిరెనా, వలస పోయెనా, పై తరగతికి పోయెనా యన్నది, ఏ ఆర్థిక నివేదికయు చెప్పజాలదు. దొరలు తమ సంఘములకు వ్రాసిన ఉత్తరములు భద్రముగానే ఉన్నవి. లండన్ మిషను వారి కాగితములు లండన్ నగరమున సోయస్ గ్రంథాలయములోను, ఎస్. పి. జి. వారివి ఆక్స్‌ఫర్డులోను, అట్టపెట్టెలలో, అంకెలు వేసి, చల్లని గదులలో ఉంచబడినవి. కడప సీమ దళితుని గూర్చి దొర ఏమనుకొనెనో తెలిసికొనుటకు పరిశోధకుడు విమానమెక్కి పోవచ్చును. ఆ దళితుడు తన బిడ్డ పేరు ఏమని చెప్పి వ్రాయించెనో తెలిసికొనుటకు మాత్రము వేంపల్లె, జమ్మలమడుగుల నడుమ పల్లె పల్లెకు పోయి తాళపుచెవి ఎవరి వద్ద నున్నదో విచారింపవలెను.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందూమతమును అవలంబించువారికి మాత్రమే షెడ్యూల్డు కులపు హోదా; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరింపబడెను. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశములో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చినారు. కావున ఎన్నో యిండ్లలో బైబిలు ఒక గూటిలోను, కుల ధ్రువపత్రము మరియొక గూటిలోను ఉండును. తాత పేరు మిషను పట్టికలో కనబడినచో మనుమని ఉద్యోగమునకు ఎవరో అర్జీ పెట్టుదు రను భయము ఊహ కాదు. ఆ భయమును కల్పించిన శాసనము న్యాయమా యని తేల్చవలసినవారు వేరే ఉన్నారు. కాని పట్టికలను కాపాడుట వేరు, బజారున పెట్టుట వేరు. ఎన్నో దేశములలో జనాభా లెక్కల మూలపత్రములను నియమిత కాలము మూసియుంచి, ఆ తరము దాటిన పిమ్మటనే తెరచుదురు. నూరేండ్లు దాటిన పుటలను పరిశోధకులకు ఇచ్చి, తక్కిన వాటిని కట్టగట్టి ముద్రవేసి, ఆయా కుటుంబములవారు అడిగినపుడు వారికి మాత్రము చూపు నియమము పెట్టుట కష్టము కాదు. ఎవరికిని కీడు కలుగకూడదని చెదలకు వదలివేయుట కాపాడుట యనిపించుకొనదు.

పని పెద్దది కాదు, చేయువారే కావలెను. కడపలో బ్రౌన్ నివసించిన చోట ఆయన పేర గ్రంథాలయము కలదు; అది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నడచుచున్నది. వేమన పద్యములను ఊరూర వెదకించి ప్రతులు వ్రాయించినవాని పేరు పెట్టుకొన్న సంస్థ, నాలుగు తాలూకాల పట్టికలను వెదకించుట ఆ పేరునకు తగిన పని. అధ్యక్ష మండలముల కచేరీలు తమ గుమాస్తాలచేత ఒక ఉత్తరము వ్రాయించినచో సంఘకాపరులు పెట్టెలు తెరచెదరు. ఫోటో తీయుటకు నేడు ప్రత్యేక యంత్రము అక్కరలేదు. ఇడుపులపాయ విద్యార్థి జేబులోని ఫోను చాలును. మొదట కావలసినది ఏ ఊరిలో, ఏ పెట్టెలో, ఏ సంవత్సరము నుండి ఏ సంవత్సరము వరకు ఉన్నవో తెలుపు జాబితా. పుటలు విరిగిన పట్టికలను తొందరపడి విప్పరాదు, కుట్టు త్రెంపరాదు, అట్టమీది వ్రాతను తుడువరాదు. కప్పు కారు గదులలో ఉన్నవాటిని నైరుతి వానలకు ముందే వేరొక చోటికి మార్పవలెను. నిరుపయోగ మని కొన్ని బడుల పాత కాగితములను తూకమునకు అమ్ముచున్న కాలమిది. కావున జాబితా పనిని పాడువడిన కట్టడముల నుండియు, చేతులు మారిన బడుల నుండియు మొదలు పెట్టుట మేలు.